పైలట్ లేని విమానం వార్తను తూచి చదవడం ఎలా

"విమానాలకు ఇక పైలట్లు అక్కర్లేదు" అన్న వార్త ఏడాదికి రెండు మూడు సార్లయినా మన ఫోన్లలోకి వచ్చి వాలుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ పూర్తి చేసిన మా మేనల్లుడు పైలట్ శిక్షణలో చేరతానని పట్టుబట్టి కూర్చున్న రోజుల్లోనే అలాంటి వీడియో ఒకటి మా బావగారికి చేరింది. పెద్ద విమానం రన్‌వే మీద పరుగు తీసి గాల్లోకి లేస్తుంది, పైలట్ మాత్రం దాన్ని చేత్తో లేపడు. "ఇన్ని లక్షలు పోసి చదివించాక ఆ ఉద్యోగమే లేకుండా పోతే వాడి గతేమిటి?" అని ఆయన అడిగారు. దానికి ఔననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని ఆ వీడియోను ఎలా చూడాలో, దాని వెనకున్న వార్తను ఎలా చదవాలో ఆ సాయంత్రం తండ్రీకొడుకులిద్దరికీ చూపించాను. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. దీనికి విమానయానం తెలిసి ఉండాల్సిన పని లేదు, కొన్ని ప్రశ్నలు వరుసగా వేసుకునే ఓపిక ఉంటే చాలు.

ఏ పనిని యంత్రానికి అప్పగించారో ముందు తేల్చుకోండి

"పైలట్ లేని" అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి తిరుగుతుంటాయి. ఆకాశంలో దారి పట్టి నడిపే ఆటోపైలట్ ఒకటి, పొగమంచులో నేలకు దించే ఆటోల్యాండ్ ఒకటి, నేల మీద కూర్చుని దూరం నుంచి నడిపే విమానం ఇంకొకటి, ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తాను నిర్ణయాలు తీసుకునే విమానం మరొకటి. వార్త రాసినవారు వీటిలో దేని గురించి రాశారో మొదటి రెండు పేరాల్లో తేలకపోతే, ఆ వార్తను అక్కడే పక్కన పెట్టవచ్చు.

మొదటి రెండింటిలో కొత్తదనం ఏమీ లేదు. 1914 జూన్‌లో పారిస్ దగ్గర సీన్ నది మీదుగా లారెన్స్ స్పెర్రీ అనే అమెరికా యువకుడు తన చిన్న విమానాన్ని జనం ముందు నడిపాడు. గైరోస్కోపుతో పనిచేసే పరికరానికి విమానాన్ని వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అతని మెకానిక్ రెక్క మీద నడుచుకుంటూ పోయినా విమానం ఒరగలేదు. 1947లో అమెరికా సైన్యానికి చెందిన సీ-54 రవాణా విమానం న్యూఫౌండ్‌లాండ్‌లో లేవడం మొదలు ఇంగ్లండ్‌లో దిగడం దాకా అట్లాంటిక్‌ను ఆటోమేటిక్‌గానే దాటింది. ప్రయాణికులతో వెళ్తున్న సర్వీసు విమానం లండన్‌లో తనంతట తాను నేల తాకింది 1965 జూన్ 10న. అంటే "విమానం దానంతట అదే దిగింది" అన్న వీడియో మీకు ఇవాళ వచ్చిందంటే, అందులో చూపించే పనికి అరవై ఏళ్లు నిండాయన్నమాట.

ఆటోల్యాండ్ ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే మిగతా వార్తలన్నీ తూచడం తేలికవుతుంది. జనవరి తెల్లవారుజామున ఢిల్లీలో పొగమంచు దిగిందనుకోండి. రన్‌వే చివరా, పక్కనా ఉండే ఐఎల్ఎస్ (దిగే విమానానికి రేడియోతో దారి చూపే వ్యవస్థ) యాంటెన్నాలు రెండు రేడియో కిరణాలను ఆకాశంలోకి పంపుతాయి. ఒకటి రన్‌వే మధ్యగీతను చెబుతుంది, రెండోది దిగాల్సిన వాలును చెబుతుంది. ఆటోపైలట్ ఆ రెండింటినీ పట్టుకుని దిగుతుంటే, నేల ఎంత కింద ఉందో రేడియో అల్టిమీటర్ "ఫిఫ్టీ, థర్టీ, ట్వంటీ" అని పైకి చదువుతుంది. ఎయిర్‌బస్‌లో అయితే పది అడుగుల దగ్గర "రిటార్డ్" అంటుంది, ఇంజిన్ శక్తిని పూర్తిగా తగ్గించమని దాని అర్థం. అంతసేపూ కెప్టెన్ చేయి లివర్ల మీదే ఉంటుంది. ఏ చిన్న హెచ్చరిక వెలిగినా మళ్లీ పైకి లేపేయడమే ఆయన పని.

ఇక్కడ గమనించాల్సింది విమానం బయట ఉంది. ఆ రేడియో కిరణాలు చెదరకుండా ఉండాలంటే, నేల మీది విమానాలూ వాహనాలూ యాంటెన్నాల చుట్టూ నిర్ణయించిన హద్దు దాటి రాకూడదు. అందుకోసం దిగే విమానాల మధ్య దూరం పెంచుతారు, విమానాశ్రయంలో రద్దీ నెమ్మదిస్తుంది. యాంటెన్నా, రన్‌వే దీపాలు, ఆ దీపాలకు ప్రత్యామ్నాయ కరెంటు, విమానంలోని పరికరాలు, పైలట్ తీసుకున్న ప్రత్యేక శిక్షణ, అన్నీ కేటగిరీ-3 అనే, దట్టమైన పొగమంచులో దిగడానికి నిర్ణయించిన స్థాయికి సరిపోయినప్పుడే ఇది సాధ్యం. ఎయిర్‌బస్ ఏ320లో ఆటోల్యాండ్‌కు పక్కగాలి పరిమితి 20 నాట్లు (గంటకు సుమారు 37 కిలోమీటర్లు), చేత్తో దించేటప్పుడు విమానం అంతకంటే చాలా బలమైన పక్కగాలిని తట్టుకుంటుంది. యంత్రం దించేది పొగమంచు ఉండి గాలి లేని రోజున, మనిషి దించేది గాలి ఉన్న రోజున అనుకుంటే మరీ తప్పు కాదు.

కాబట్టి వార్తలో విమానం దిగిందని ఉంటే, ఏ విమానాశ్రయంలో, ఏ సదుపాయంతో, ఏ వాతావరణంలో దిగిందని అడగండి. భారీ పరికరాలు లేని చిన్న విమానాశ్రయాల సంగతి వేరు. అక్కడ ఉపగ్రహాల సాయంతో దారి చూపడానికి మన గగన్ వ్యవస్థ ఉంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతోనే దిగింది. అయితే గగన్ దారి చూపుతుందంతే, చివరి అడుగుల్లో విమానాన్ని నేలకు దించడం పైలట్ పనే.

కుర్చీలో ఎవరున్నారు, వెనక ఎవరున్నారు

తర్వాతి ప్రశ్న ఇది: ఆ ప్రయోగంలో విమానంలో మనుషులున్నారా, ఉంటే ఎంతమంది? మా బావగారికి వచ్చిన వీడియో ఎయిర్‌బస్ ప్రయోగానిది. 2019 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఏ350-1000 విమానం కెమెరాలతో రన్‌వేను గుర్తుపట్టి తనంతట తాను టేకాఫ్ అయింది. 2020 జూన్‌తో ఆ ప్రాజెక్టు ముగిసింది. అది నిజంగానే కొత్త సంగతి. సర్వీసు విమానాల్లో టేకాఫ్ సాధారణంగా నేటికీ పైలట్ చేత్తోనే జరుగుతుంది. పైగా ఇక్కడ ఐఎల్ఎస్ లాంటి నేల మీది పరికరాల అవసరమే లేకుండా చేశారు. అయితే 500కు పైగా సాగిన ఆ ప్రయాణాల్లో సుమారు 450, కెమెరాలకు పాఠం చెప్పడానికి కావలసిన వీడియోలు పోగుచేయడానికే పోయాయి. స్వయంగా లేచి స్వయంగా దిగిన పరీక్షా ప్రయాణాలు ఆరు, ఒక్కోదానిలో ఐదేసి టేకాఫ్‌లు, ఐదేసి ల్యాండింగులు. ఆ అన్నింటిలోనూ టెస్ట్ పైలట్లు కుర్చీల్లోనే ఉన్నారు.

నిజంగా ఖాళీ కుర్చీలతో ఎగిరిన ఉదాహరణలూ ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. 2023 నవంబరులో కాలిఫోర్నియాలో రిలయబుల్ రోబోటిక్స్ సంస్థ సెస్నా కారవాన్ అనే ఒంటి ఇంజిన్ విమానాన్ని లోపల ఎవరూ లేకుండా లేపి, తిప్పి, దింపింది. నేల మీద మాత్రం ఒక పైలట్ కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చైనాలో ఈహాంగ్ సంస్థ తయారుచేసిన రెండు సీట్ల ఈహెచ్216-ఎస్‌లో పైలట్ సీటే లేదు, ఉన్న రెండూ ప్రయాణికులవే. పదహారు ప్రొపెల్లర్లతో నడిచే ఆ వాహనం ఒక్క చార్జింగ్‌తో సుమారు 30 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి దుబాయి వెళ్లే విమానానికి, దీనికి మధ్య ఉన్న తేడా లెక్కలోకి రాకుండా "పైలట్ లేకుండా ప్రయాణికులు ఎగిరారు" అని రాస్తే అది అబద్ధం కాదు కానీ, చదివినవారు మాత్రం మోసపోతారు.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటుంది. 2021 సెప్టెంబరులో తెలంగాణలోని వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు చేరవేసే ప్రయోగాలు మొదలయ్యాయి. కంటిచూపు దాటి ఎగిరే డ్రోన్లకు దేశంలో దారి తీసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. మనిషి లేని విమానయానం ముందుగా ఇలాంటి చోటే, పడిపోతే పోయేది పెట్టే తప్ప ప్రాణం కాని చోటే, వేళ్లూనుకుంటుంది. సరుకు తర్వాతే మనుషులు.

మనిషిని తీసేశారా, చోటు మార్చారా

పైలట్ విమానంలో లేడంటే ఎక్కడో ఉన్నాడేమో చూడాలి. నేల మీది గదిలో ఉంటే, ఆ గదికీ విమానానికీ మధ్య ఉన్న లింకే కొత్త పైలట్ అయి కూర్చుంటుంది. ఆ లింకు భూస్థిర ఉపగ్రహం మీదుగా సాగుతుందనుకోండి, అది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. విమానం చూపే దృశ్యం దాని మీదుగా కిందికి రావడానికి, పైలట్ ఆదేశం మళ్లీ దాని మీదుగా పైకి చేరడానికి కలిపి సుమారు అర సెకను పడుతుంది. ఆకాశంలో హాయిగా సాగుతున్నప్పుడు అర సెకను ఎవరికీ పట్టదు. రన్‌వేకు పది అడుగుల ఎత్తున పక్కగాలి కొట్టినప్పుడు మాత్రం అది చాలా ఎక్కువ.

ఆ లింకు తెగితే ఏం జరుగుతుంది? ఏ వార్తకైనా ఇది గట్టి పరీక్ష. "ముందుగా నిర్ణయించిన చోటికి వెళ్లి దిగుతుంది" అన్న జవాబు ఉంటే, ఆ చోటిని దేని ఆధారంగా కనుక్కుంటుందని కూడా అడగాలి. ఆధారం జీపీఎస్ ఒక్కటే అయితే జాగ్రత్త పడాలి. పశ్చిమాసియా ఆకాశంలో దొంగ జీపీఎస్ సంకేతాలు విమానాలను తప్పుదారి పట్టిస్తున్నాయని 2023 నవంబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానయాన సంస్థలను అప్రమత్తం చేసింది. అప్పుడు ఆ విమానాల్లో మ్యాపు మీద ఉన్న చోటుకీ, మిగతా పరికరాలు చెప్పే చోటుకీ పొంతన లేదని గుర్తించడానికి పైలట్లు ఉన్నారు.

ఈ చోటే చాలామంది మెట్రో రైలును ముందుకు తెస్తారు. ఢిల్లీ మెట్రో మెజెంటా లైనులో 2020 డిసెంబరు నుంచి డ్రైవర్ లేని రైళ్లు నడుస్తున్నాయి, మరి విమానం ఎందుకు నడవదు అని. పోలిక బాగానే ఉంది, ఒక్క తేడా తప్ప: రైలుకు ఏ అనుమానం వచ్చినా ఆగిపోవచ్చు. ఆగడమే దానికి క్షేమం. విమానానికి ఆ వెసులుబాటు లేదు. ఏ పరిస్థితిలోనైనా అది ఎగురుతూనే ఆలోచించాలి, తర్వాత ఎక్కడో ఒకచోట దిగి తీరాలి.

చేతిలో ఏ కాగితం ఉంది

ఒప్పందం కుదిరింది, నమూనా ఆవిష్కరించారు, పరీక్ష విజయవంతం, ధ్రువపత్రం వచ్చింది, సేవలు మొదలయ్యాయి: వార్తల్లో ఈ ఐదూ ఒకే పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. వీటి మధ్య ఏళ్ల దూరం ఉంటుంది. ఈహాంగ్ సంగతే కొలబద్దగా పెట్టుకోండి. 2023 అక్టోబరులో డిజైను సురక్షితమని టైప్ సర్టిఫికెట్, 2024 ఏప్రిల్‌లో అదే నాణ్యతతో ఎన్నయినా తయారుచేయవచ్చని ఉత్పత్తి ధ్రువపత్రం, 2025 మార్చిలో దాన్ని నడిపే సంస్థలకు నిర్వహణ ధ్రువపత్రం. పట్టుదలగా ముందుకు తోస్తున్న దేశంలో, రెండు సీట్ల వాహనానికే మొదటి కాగితం నుంచి మూడో కాగితానికి పదిహేడు నెలలు పట్టింది.

పెద్ద ప్రయాణికుల విమానానికి గీటు ఇంకా కఠినం. విమానాన్నే కూల్చగల లోపం ఎగిరే ఒక్కో గంటకు వంద కోట్లలో ఒక వంతు కంటే తక్కువ అవకాశంతో మాత్రమే తలెత్తాలన్నది ధ్రువీకరణ ప్రమాణం. మామూలు సాఫ్ట్‌వేర్ అయితే ప్రతి పంక్తి ఏ అవసరం కోసం రాశారో, దాన్ని ఎలా పరీక్షించారో చూపించవచ్చు. వేల వీడియోలు చూసి రన్‌వేను గుర్తుపట్టడం నేర్చుకున్న యంత్రంలో అలా వేలు పెట్టి చూపించగల పంక్తి ఉండదు. అది ఎందుకు సరిగ్గా గుర్తుపట్టిందో చెప్పలేనప్పుడు, ఎప్పుడు తప్పుగా గుర్తుపడుతుందో చెప్పడం మరింత కష్టం. నా అంచనాలో అసలు చిక్కుముడి ఇదే, విమానం ఎగరగలదా అన్నది కాదు.

ఇంకో కాగితం చాలా పాతది. 1944 నాటి షికాగో ఒప్పందంలో ఎనిమిదో అధికరణం, పైలట్ లేకుండా ఎగరగల విమానాన్ని ఏ దేశం మీదుగానైనా అలా ఎగరేయాలంటే ఆ దేశపు ప్రత్యేక అనుమతి ఉండాలని చెబుతుంది. ఒక దేశం ఒప్పుకున్నంత మాత్రాన అంతర్జాతీయ సర్వీసు మొదలైపోదు, దారిలో ఉన్న ప్రతి దేశమూ ఒప్పుకోవాలి.

ప్రమాదాల లెక్కను రెండు వైపులా చూడండి

"ప్రమాదాల్లో ఎక్కువ భాగం మానవ తప్పిదాలే, కాబట్టి మనిషిని తీసేస్తే సరి" అన్న వాదన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో కో-పైలట్ కాక్‌పిట్ తలుపు లోపల గడియ పెట్టుకుని తనతో కలిపి 150 మందిని ఆల్ప్స్ కొండల్లో బలిచేశాడు. కానీ 2018 అక్టోబరులో లయన్ ఎయిర్, 2019 మార్చిలో ఇథియోపియన్ విమానాలు కూలి 346 మంది చనిపోయినప్పుడు, ఒకే ఒక్క సెన్సరు పంపిన తప్పుడు లెక్కను నమ్మి సాఫ్ట్‌వేర్ ముక్కును మళ్లీ మళ్లీ కిందికి తోసింది. 2009లో అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ ఈ రెండింటికీ మధ్యది. వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరగానే ఆటోపైలట్ పని మానేసి, అంత ఎత్తున చేత్తో నడిపే శిక్షణ పొందని పైలట్లకు చీకట్లో విమానాన్ని అప్పగించింది. 228 మంది పోయారు. తప్పు యంత్రానిదా, మనిషిదా అని అక్కడ గీత గీయడం కుదరదు.

మనిషి కాపాడిన సందర్భాలు మాత్రం ఆ లెక్కల్లోకి రావు, ఎందుకంటే ప్రమాదం జరగలేదు కనుక. అందుకే నేను ఇద్దరికీ ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ నడిపిన 32వ నంబరు విమానం కథ కాస్త వివరంగా చెప్పాను. 2010 నవంబరు 4న సింగపూర్ నుంచి సిడ్నీ బయలుదేరిన ఏ380లో కొద్ది నిమిషాలకే రెండో నంబరు ఇంజిన్ పేలి, దాని ముక్కలు రెక్కను చీల్చుకుంటూ పోయాయి. లోపల 469 మంది. కంప్యూటర్ తెర మీద లోపాల జాబితా ఒకటి తీరేలోపు ఇంకొకటి వస్తూ, వాటిని ఒక్కొక్కటిగా పరిష్కరించడానికి దాదాపు 50 నిమిషాలు పట్టింది. ఆ రోజు పరీక్షల నిమిత్తం అదనపు కెప్టెన్లు ఉండటంతో కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లున్నారు. దిగడానికి రన్‌వే ఎంత కావాలో లెక్క కట్టమని అన్ని లోపాలనూ ఎక్కిస్తే, కంప్యూటర్ జవాబే ఇవ్వలేదు. అప్పుడు పైలట్లు చర్చించుకుని, రన్‌వే పొడిగానే ఉంది కదా అని తడి రన్‌వేకు సంబంధించిన అంశాలు తీసేసి మళ్లీ అడిగారు. ఈసారి బొటాబొటిగా సరిపోతుందని జవాబు వచ్చింది. నాలుగు వేల మీటర్ల రన్‌వేకు ఇంకా సుమారు 150 మీటర్లు మిగిలి ఉండగా విమానం ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. "జవాబు రాలేదు" అన్నది జవాబు కాదని, ప్రశ్న మార్చి అడగాలని తోచడం ఆ రోజు 469 మందిని కాపాడింది. ఏ కంపెనీ ప్రతినిధి మాట్లాడినా నాకు ఈ సంఘటనే గుర్తొస్తుంది: మీ యంత్రం ఆ ప్రశ్నను ఎలా మార్చుకుంటుంది?

"ఎప్పటికీ రాదు" అన్నవారినీ అంతే గట్టిగా నిలదీయండి

ఒకప్పుడు సముద్రాలు దాటే విమానాల కాక్‌పిట్‌లో ఐదుగురు ఉండేవారు. రేడియో ఆపరేటరు పోయారు, దారి చూపే నావిగేటరు పోయారు, ఇంజిన్లను చూసుకునే ఫ్లైట్ ఇంజినీరు కూడా పోయారు. ముగ్గురు నడిపిన బోయింగ్ 747, 1989లో 747-400గా సేవలోకి వచ్చేసరికి ఇద్దరికి సరిపోయింది. ప్రతిసారీ భద్రత దెబ్బతింటుందని పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ప్రతిసారీ విమానయానం మునుపటి కంటే సురక్షితమే అయింది. కాబట్టి సంఘాల మాటనూ కంపెనీల మాటనూ ఒకే తక్కెడలో తూచాలి.

అయితే ఐదు నుంచి రెండుకు వచ్చిన దారి, రెండు నుంచి ఒకటికి పోయే దారి ఒకటి కావు. ఒక్కడే పైలట్ ఉన్న విమానంలో ఆయనకు గుండెపోటు వచ్చిందంటే, ఆ క్షణం నుంచి అది పైలట్ లేని విమానమే. అంటే ఒక్క పైలట్‌తో సరిపెట్టాలంటే ముందుగా అసలు పైలట్ లేకుండా దిగడం విమానానికి వచ్చి ఉండాలి. చిన్న విమానాల్లో ఇది ఇప్పటికే వచ్చింది. పైలట్ స్పృహ తప్పితే ప్రయాణికుడు ఒక బటన్ నొక్కగానే దగ్గరలోని తగిన విమానాశ్రయాన్ని ఎంచుకుని, రేడియోలో చెప్పి, దిగి, ఇంజిన్ ఆపేసే గార్మిన్ ఆటోల్యాండ్‌కు 2020లో అనుమతి లభించింది. పెద్ద విమానాల విషయంలో మాత్రం, సముద్రాల మీద ఎగిరేటప్పుడు ఒక పైలట్ నిద్రపోతుంటే ఇంకొకరు ఒంటరిగా నడిపే ఏర్పాటుకైనా, నేటి కాక్‌పిట్లతో ఇద్దరున్నప్పటి భద్రతకు సమానమని చూపించలేమని యూరప్ భద్రతా సంస్థ ఈఏఎస్ఏ అధ్యయనం 2025లో తేల్చింది. రెండు నుంచి ఒకటే దాటని వాగు, ఒకటి నుంచి సున్నా దాని అవతలి గట్టు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. పైలట్లు లేకపోతే ఏటా 3,500 కోట్ల డాలర్లు మిగులుతాయని 2017లో యూబీఎస్ బ్యాంకు అంచనా వేసింది. అదే నివేదిక కోసం జరిపిన సర్వేలో పైలట్ లేని విమానం ఎక్కుతామన్నవారు 17 శాతమే. వార్తలో మొదటి అంకె ఉండి రెండోది లేకపోతే, అది ఎవరికోసం రాసిన వార్తో తెలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక మా బావగారి లెక్క మిగిలింది. ఇరవై ఏళ్లకు లైసెన్సు పొందిన కుర్రాడు 65 ఏళ్లు వచ్చేదాకా ఎగరవచ్చు, అంటే నలభై అయిదేళ్లు. ఇండిగో 2023 జూన్‌లో ఆర్డరిచ్చిన 500 ఎయిర్‌బస్ విమానాలు 2030 నుంచి 2035 మధ్య చేతికి రావాల్సినవి. అవన్నీ కనీసం ఇద్దరు పైలట్లు ఉండాలన్న షరతుతో ధ్రువీకరణ పొందిన ఏ320 కుటుంబానివి, ఒక్కోటి పాతికేళ్లు ఎగరగల సత్తా ఉన్నవి. వాడి ఉద్యోగ జీవితంలో మొదటి పాతికేళ్లకు నాకు ఏ అనుమానమూ లేదు, చివరి పదేళ్లకు మాత్రం పూచీ ఇవ్వలేనని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఏ ఉద్యోగానికైనా నలభై ఏళ్ల తర్వాత పూచీ ఎవరిస్తారులే అన్నారు. మేనల్లుడు వచ్చే నెల పైలట్ శిక్షణకు కావలసిన వైద్య పరీక్షకు, అదే క్లాస్ 2 మెడికల్‌కు వెళ్తున్నాడు, కంటి అద్దాల నంబరు గురించే వాడి బెంగంతా.